బాగుంది అని టిక్కు పెట్టిన గది

నేను ఎవరింటికి వెళ్ళినా ముందు పైకి చూస్తాను. పలకరింపులు, మంచినీళ్ళు, కుశల ప్రశ్నలు అన్నీ తర్వాతే. ముందు స్లాబు చూడాలి. తేమ మచ్చలున్నాయా, పగులు ఎటు నుంచి ఎటు పోయింది, ఫ్యాను కొక్కెం చుట్టూ ఏమైనా ఉబ్బిందా అని చూసుకున్నాకే కూర్చుంటాను. విస్సన్నపేటలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఫంక్షన్ హాల్లో మెడ ఎత్తి చూస్తుంటే మా వదిన "లైట్లు బాగా పెట్టారు కదా" అంది. "లైట్లు కాదు వదినా, వాటిని దేనికి తగిలించారో చూస్తున్నా" అన్నాను. ఆవిడ తన కుర్చీని పక్కకి జరుపుకుంది. భోజనాలయ్యేదాకా మళ్ళీ నా పక్కన కూర్చోలేదు.

ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్ళే దారిలో మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే ఒక ఊరు వస్తుంది. అక్కడి ఎలిమెంటరీ స్కూలుకి నేను హెడ్మిస్ట్రెస్‌ని. పేరుకి పెద్ద ఉద్యోగమే కానీ ఐదు తరగతులకీ కలిపి ఉండేది నేనూ, ఇంకో మాస్టారూ. రెండు గదులు, ముందు పొడుగాటి వరండా, వంటకి ఒక రేకుల షెడ్డు. చిన్న గది ఈమధ్య కట్టింది. అందులో ఆయన ఒకటీ రెండూ తరగతులు చెబుతారు. పెద్ద గది పాతది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలూ నేనూ అందులో ఉండేవాళ్ళం.

ఒక వానాకాలం సోమవారం పొద్దున పెద్ద గది తాళం తీసేసరికి నా టేబుల్ పక్కన నేల మీద ఒక పెచ్చు పడి ఉంది. అరచెయ్యంత ఉంటుంది. పైకి చూస్తే ఉత్తరం వైపు మూలలో స్లాబు ఊడి, లోపలి ఇనుప చువ్వ ఎర్రగా తుప్పు పట్టి కనిపిస్తోంది. ఆ రోజు నేను చేసిన మొదటి పని, పిల్లలు రాకముందే చీపురు తీసుకుని దాన్ని ఊడ్చి గోడ అవతల పారెయ్యడం. పిల్లలు చూస్తే ఇంట్లో చెబుతారు, పెద్దవాళ్ళు కంగారుపడతారు అనుకున్నాను. దాచడం నేను ఆ పొద్దునే మొదలుపెట్టానని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు మాత్రం ఏదో తెలివైన పని చేసినట్టే అనిపించింది.

ఆ మూల కింద ఎవరూ కూర్చోకుండా బల్లలన్నీ గది మధ్యకి జరిపించాను. ఎందుకని పిల్లలు అడిగితే "అక్కడ ఎండ పడుతుంది" అన్నాను. మూడో తరగతిలో ఒక పిల్ల ఉంది, నోట్లో మాట ఆగదు. "అటు ఎప్పుడూ ఎండ పడదుగా టీచర్" అంది. నిజమే, ఉత్తరం మూల అది. "చెప్పింది చెయ్యి" అని కసిరాను. ఆ రోజు నుంచి పాఠం చెబుతున్నా, బోర్డు మీద రాస్తున్నా, నా ఒక కన్ను పైనే ఉండేది. పిల్లలు గట్టిగా అరిస్తే ఆ అరుపుకే స్లాబు రాలుతుందేమోనని భయపడి "మెల్లగా, మెల్లగా" అనేదాన్ని. మా బళ్ళో ఎక్కాలు గుసగుసగా చెప్పించిన కాలం అది.

ఆ చలికాలంలో మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. వచ్చే పదేళ్ళకి స్కూలు భవనాల ప్రణాళిక తయారవుతోంది. ఏ స్కూలుకి ముందు కొత్త గదులు కట్టాలి, దేనికి మరమ్మతు చాలు, దేనికి అసలేమీ అక్కర్లేదు అన్నది మేము యాప్‌లో పెట్టే ఫోటోలు, వివరాలను బట్టి తేలుస్తారట. గది గదికీ నాలుగు గోడలు, నేల, పైకప్పు ఫోటో తీసి పెట్టాలి. గడువు వారం రోజులు.

చదవగానే నా ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళకి ఎవరో అడిగారు, చూపిస్తే చాలు అనుకున్నాను. ఆ ఆనందంలోనే మా తల్లిదండ్రుల కమిటీ చైర్మన్‌కి కబురు పెట్టాను. చైర్మన్ అంటే తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి కాదు. పత్తికీ మిరపకోతలకీ కూలికి వెళ్ళే ముప్పయ్యేళ్ళ ఆడమనిషి. ఎండ పడదుగా అన్న పిల్ల ఈమె కూతురే. ఫారంలో "రాబోయే ఐదేళ్ళలో పిల్లల సంఖ్య అంచనా" అని ఒక గడి ఉంది. దానికి ఏం రాయాలో నాకు తోచకపోతే ఆమే వేళ్ళు ముడిచి లెక్క చెప్పింది.

"అంగన్‌వాడీలో ఉన్నోళ్ళని వేసుకోండి. ఇద్దరు నీళ్ళోసుకున్నారు. వేసవికి మూడు పెళ్ళిళ్ళు ఖాయమయ్యాయి. వాటినీ వేసుకోండి టీచర్ గారూ."

"పెళ్ళే కాలేదు కదమ్మా, అప్పుడే పిల్లల్ని ఎలా రాయను?"

"పదేళ్ళ ప్లానన్నారుగా! పదేళ్ళు వాళ్ళు ఊరికే కూర్చుంటారేంటండీ?"

నవ్వి రాసుకున్నాను. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నతోనే అసలు కథ మొదలైంది.

"ఫోటోలు ఎవరు చూస్తారండీ?"

"పై ఆఫీసుల్లో పెద్దవాళ్ళు చూస్తారు."

"మరి బడి ఈ అవతారంలో ఉంటే ఎలా తీస్తారండీ? మా పరువేం కాను?"

మా ఊళ్ళ సంగతి ఇదే. ఎవరైనా వస్తున్నారంటే ముందు చీపురు, తర్వాత సున్నం. అధికారి వచ్చినా, చుట్టం వచ్చినా, చివరికి కెమెరా వచ్చినా అంతే. ఉన్నది ఉన్నట్టు చూపించడం మాకు మర్యాద తక్కువ పని. పైగా ఊళ్ళో ఒక పుకారు కూడా తిరుగుతోంది. పాడుపడ్డట్టు కనిపించే బళ్ళని మూసేసి పిల్లల్ని మెయిన్ రోడ్డు అవతలి బడికి పంపిస్తారట. లారీలు తిరిగే రోడ్డు అది. ఆ మాట విన్నాక తల్లులెవరూ ఒక్క క్షణం ఊరుకోలేదు.

ఆదివారం ఇరవై మంది దాకా ఆడవాళ్ళు వచ్చారు. బూజులు దులిపారు, గచ్చు కడిగారు, గోడలకి సున్నం వేశారు. చైర్మన్ మొగుడు తాపీ పని చేస్తాడు. అతను నిచ్చెన వేసుకుని ఉత్తరం మూలలో చువ్వ కనపడకుండా సిమెంటు పూసి, మీద పుట్టీ రుద్ది, రంగు వేశాడు. చెయ్యి తిరిగిన మనిషి. ఎక్కడ పూశాడో నాకే తెలియలేదు. గుమ్మం ముందు ముగ్గు, కిటికీలకి కాగితం తోరణాలు. నేను ఊరుకున్నానా అంటే, లేదు. చీర కొంగు దోపుకుని వాళ్ళతో పాటు గోడలు కడిగాను. పైకప్పు ఫోటో మొదటిసారి కాస్త మసగ్గా వస్తే, వెలుతురు బాగా పడేదాకా ఆగి మళ్ళీ తీశాను.

చివర్లో యాప్ అడిగింది: గది పరిస్థితి ఏమిటి? బాగుంది, మరమ్మతు కావాలి, ప్రమాదకరం. మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. నా వేలు ముందు మూడో దాని మీదకే వెళ్ళింది. కానీ పైన ఫోటోలో మల్లెపువ్వులా మెరుస్తున్న గది, కింద ప్రమాదకరం అన్న మాట. చూసేవాళ్ళు ఈవిడకి మతి పోయిందంటారు అనిపించింది. నిజం రాస్తే అబద్ధంలా ఉంది. ఆ ఫోటోకి నప్పే మాట ఒక్కటే కనిపించింది. బాగుంది అని టిక్కు పెట్టి పంపేశాను.

సంక్రాంతి సెలవులు అయ్యాక తిరువూరులో మండలం హెచ్‌ఎంల మీటింగులో ఆ ప్రణాళిక కాగితాలు పంచారు. నాలుగు విడతలు. మొదటి విడతలో మా పేరు వెతికాను, లేదు. రెండో దాంట్లో లేదు. మూడు, నాలుగు చూశాను. చివరి పేజీలో "అవసరం లేనివి" అన్న శీర్షిక కింద, పదేళ్ళూ ఎవరూ అటు వైపు చూడనక్కర్లేని బళ్ళ జాబితాలో మేమున్నాం. మా పక్క ఊరి బడి మొదటి విడతలో మొదటి వరసలో ఉంది. వాళ్ళ హెచ్‌ఎం బూజులూ, కారే నీళ్ళకి పెట్టిన బకెట్టూ, ఆ బకెట్లో తేలుతున్న సుద్దముక్కతో సహా ఫోటో తీసి పెట్టాడట. నా ఫోన్‌లో ఉన్న మా బడి ఫోటోలు చూసి ఆయన పకపకా నవ్వాడు.

"మేడం గారూ, మీరు బడికి ఫోటో తీశారా, పెళ్ళిచూపులకి అమ్మాయికి తీశారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ చివరి పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. పదేళ్ళు. ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్నవాళ్ళు వెళ్ళిపోతారు, వాళ్ళ తమ్ముళ్ళు వస్తారు, ఇంకా పెళ్ళి కాని వాళ్ళ పిల్లలు వస్తారు. వాళ్ళందరినీ ఆ పుట్టీ కింద కూర్చోబెట్టింది నేనే.

మార్చి వచ్చి ఎండలు ముదిరేసరికి ఉత్తరం మూలలో వెంట్రుకంత గీత కనిపించింది. నాలుగు రోజులకి పెన్సిలు గీతంత అయింది. కర్రతో తట్టి చూస్తే లోపల ఖాళీగా ఉన్నట్టు చప్పుడు. ఇక ఆగలేక తిరువూరులో మండల విద్యాధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడే. నా మాట మొత్తం విని, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"యాప్‌లో ఒకసారి ఎక్కింది మార్చడం మన చేతిలో లేదమ్మా. ఇంజనీరు వచ్చి చూసి రాస్తేనే మారుతుంది. ఆయన రావాలంటే మీరు లెటర్ పెట్టాలి."

"పెడతాను సార్."

"అందులో ముందు బాగుందని ఎందుకు పెట్టారో కూడా రాయాలి. దాని మీద మీకు మెమో రావచ్చు. సర్వీసు చివర్లో ఉన్నారు, ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండు వారాలు ఆలోచించుకున్నాను. రిటైర్మెంటుకి ఇంకా ఎంతో కాలం లేదు. ఇన్నేళ్ళలో ఒక్క మెమో లేదని ఇంట్లో గొప్పగా చెప్పుకునేదాన్ని. రోజూ పొద్దున బడికి వెళ్ళేటప్పుడు ఇవాళ రాస్తాననుకోవడం, సాయంత్రం వచ్చేటప్పుడు ఇవాళ్టికి ఏమీ కాలేదుగా అనుకోవడం. ఏమీ జరగని ప్రతి రోజూ రాయకుండా ఉండటానికి నాకొక సాకు ఇచ్చేది. చివరికి ఒక మధ్యాహ్నం, పిల్లలంతా ఇంటికి వెళ్ళాక, ఖాళీ గదిలో కూర్చుని రాయడం మొదలుపెట్టాను. అప్పుడే చైర్మన్ వచ్చింది. ఏం రాస్తున్నానో అడిగితే చదివి వినిపించాను. ఆమె మొహం పాలిపోయింది.

"ప్రమాదం అని రాస్తే బడి మూసేస్తారుగా టీచర్ గారూ!"

"గది మూస్తారు. బడి మూయరు."

"అట్టా అని ఎవరు చెప్పారండీ మీకు?"

ఎవరూ చెప్పలేదు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. "నీ కూతురు ఆ గదిలోనే కూర్చుంటోందమ్మా" అన్నాను. ఆమె పైకి చూసింది. మొగుడు పూసిన చోటే చూసింది. "పంపండి" అంది. లేచి వెళ్ళేటప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూశాను.

లెటర్ పంపిన పది రోజులకి ఇంజనీరు గారు ఫోన్ చేశారు. మర్నాడు ఉదయం వస్తానన్నారు. ఒంటిపూట బడులు కాబట్టి నేను ఏడున్నరకల్లా చేరాను. గేటు తీసేసరికి గుమ్మం ముందు ముగ్గు. వరండా కడిగి ఉంది. గదిలోకి పరిగెత్తాను. పెన్సిలు గీత లేదు. ఉత్తరం మూల మళ్ళీ తెల్లగా మెరిసిపోతోంది. సున్నం వాసన ఇంకా పోలేదు.

చైర్మన్, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు వరండాలో నిలబడి ఉన్నారు. నేను మెచ్చుకుంటానని చూస్తున్నారు.

"ఇంజనీరు గారు వస్తున్నారన్నారుగా టీచర్ గారూ. నిన్న సాయంత్రం కోతల నుంచి రాగానే అందరం కలిసి వేసేశాం."

"ఎందుకమ్మా? లెటర్ నీ ముందే చదివానుగా!"

"చదివారండీ. ఆయన చూసుకుంటే చూసుకుంటాడు. మరీ అంత పాడుగా చూపిస్తామా? వచ్చినాయన ఊరి గురించి ఏమనుకుంటాడు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు. వాళ్ళకి ఈ విద్య నేర్పిన దాన్ని నేనే కదా. ఇంజనీరు రావడానికి గంట కూడా లేదు. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. ఎవరినీ లోపలికి పంపకుండా బయట చెట్టు నీడలో కూర్చోబెట్టమని మాస్టారికి చెప్పాను. వంట షెడ్డులోకి వెళ్ళి రోకలి తెచ్చాను. బల్ల ఒకటి లాక్కుని, ఆ మూలకి కాస్త ఎడంగా నిలబడి, రోకలి ఎత్తి కింద నుంచి పొడిచాను.

మొదటి పోటుకి సున్నం రాలింది. రెండో పోటుకి పుట్టీ. మూడో పోటుకి నిన్నటి సిమెంటు, దాని వెనకే పాత స్లాబు, ఒక పెద్ద తట్టంత ముక్క ఊడి దబ్బున పడింది. కింద గచ్చు పగిలింది. గది నిండా దుమ్ము. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. చైర్మన్ గుమ్మంలో నిలబడి తలకొట్టుకుంది.

"ఏం పనండీ ఇది! పొద్దుగూకేదాకా మిరపకాయలు కోసి, ఆ మండే చేతులతోనే సున్నం పూశామండీ! మీకు చేతులెట్లా వచ్చాయండీ!"

మిరపకాయలు కోసిన చేతులు ఎలా మండుతాయో, ఆ మంట మీద సున్నం పడితే ఎలా ఉంటుందో ఊహించగలను. అయినా ఇంకో రెండు పోట్లు పొడిచాను. ఏడుస్తూ పొడిచాను. సరిగ్గా అప్పుడే ఇంజనీరు గారు మోటారు సైకిల్ దిగి గుమ్మంలోకి వచ్చారు. మా అబ్బాయి వయసు ఉంటుంది. చేతిలో రోకలి, తల నిండా సున్నం, బల్ల మీద నేను.

"మేడం! ఏం చేస్తున్నారు?"

"నేను పెట్టిన టిక్కు కొట్టేస్తున్నాను సార్."

ఆయన నవ్వలేదు. నన్ను జాగ్రత్తగా చెయ్యి పట్టి దింపారు. చిన్న సుత్తి తీసుకుని నిచ్చెన ఎక్కి స్లాబుని అడుగు అడుగుకీ తడుతూ వచ్చారు. గట్టిగా ఉన్న చోట ఠంగుమని మోగుతోంది. డొల్లగా ఉన్న చోట డబ్బుమంటోంది. డొల్ల ఉన్న చోటల్లా సుద్దతో చుట్టూ గీత గీశారు. నేను కింద నిలబడి వింటున్నాను. ఠంగు, ఠంగు, డబ్బు. డబ్బు, డబ్బు, డబ్బు. గది మధ్యకి వచ్చాక ఠంగు అనడమే మానేసింది. ఆయన గీసిన గీతలన్నీ కలిసిపోయి నడిమధ్య ఒకే పెద్ద గీతయింది.

"ఇక్కడే అన్నిటికన్నా ఎక్కువగా ఉంది మేడం. ఆ మూలలో ఊడాల్సింది ఎలాగూ ఊడింది. ఈ మధ్యది ఇంకా ఊడాల్సి ఉంది. దీని కింద ఎవరూ కూర్చోవట్లేదు కదా?"

ఆ గీత కిందే, నేను జరిపించిన చోటే, బల్లలన్నీ వరసగా ఉన్నాయి. ఎండ పడుతుందని అబద్ధం చెప్పి మరీ వాళ్ళని అక్కడికి చేర్చాను. ఎనిమిది నెలలు. గుమ్మంలో చైర్మన్ బల్లల వైపు చూసింది, పైకి చూసింది, మళ్ళీ బల్లల వైపు చూసింది. కూతురు కూర్చునే బల్ల ఏదో ఆమెకి తెలుసు.

ఆ స్లాబు కింద బల్లలు జరపడం కూడా ప్రమాదమని, వాటిని అక్కడే వదిలేయించి ఇంజనీరు గారు గదికి తాళం వేయించారు. "ప్రమాదకరం" అని ఆయనే రాశారు. ముందు బాగుందని పెట్టింది ఎవరని అడిగితే నేనే అన్నాను. కొత్త గది ఎప్పుడొస్తుందని నేను అడిగితే, ప్లానులో ఎక్కడ పడుతుందో తన చేతిలో లేదన్నారు.

ఎండాకాలంలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి మెమో. తప్పుడు సమాచారం ఎందుకిచ్చారో సంజాయిషీ రాయమన్నారు. భయపడ్డానని, సిగ్గుపడ్డానని, రెండే వాక్యాలు రాసి పంపాను. ఇంకోటి సవరించిన ప్రణాళిక. మాది మూడో విడతలో వేశారు. "అప్పటికి మా పిల్ల ఈ బళ్ళో ఉండదుగా" అంది చైర్మన్ కాగితం చూసి. ఉండదు. ఎవరికోసం రోకలి పట్టానో వాళ్ళలో ఒక్కరికి కూడా ఆ కొత్త గది రాదు.

జూన్‌లో బడి తెరిచాక కొత్త రిజిస్టరులో పేర్లన్నీ రాసుకున్నాను. మూడు తరగతుల వాళ్ళూ వరండాలో కూర్చున్నారు. వారం తిరక్కుండా తొమ్మిది మంది టీసీలు తీసుకుని తిరువూరు నుంచి వచ్చే పసుపు వ్యాన్ ఎక్కేశారు. "బాగున్న బడిని ఈవిడే పొడిచి పాడుచేసింది" అని నా మొహం మీదే అన్నారు కొందరు. ఎర్ర సిరాతో ఆ తొమ్మిది పేర్లూ కొట్టేస్తుంటే ఒక్కోసారి నాకూ అలాగే అనిపించేది. ఆ గది ఇంకో పదేళ్ళు అలాగే నిలిచేదేమో. చైర్మన్ మాత్రం కూతుర్ని మాన్పించలేదు.

జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పదకొండు గంటలప్పుడు వరండాలో తెలుగు పాఠం చెబుతున్నాను. వెనక తాళం వేసిన గదిలో ముందు ఇసుక రాలినట్టు చిన్న చప్పుడు. తర్వాత ఒక్కసారిగా నేల అదిరింది. వరండా గోడ వణికింది. పిల్లలు లేచి నన్ను చుట్టేసుకున్నారు. మూసిన కిటికీ రెక్కల సందుల్లోంచి తెల్లటి దుమ్ము నెమ్మదిగా బయటికి వచ్చింది.

మాస్టారు చిన్న గదిలోంచి పరిగెత్తుకొచ్చి కిటికీ తెరిచి చూశారు. నేను వెళ్ళి చూడలేదు. పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్ళి సన్నటి వానలోనే నిలబెట్టాను. మాస్టారు తిరిగి వచ్చి, మధ్యలో స్లాబు మొత్తం కూలిందని, బల్లలు నుగ్గునుగ్గయ్యాయని చెప్పారు. గొంతు తగ్గించే చెప్పారు గానీ పిల్లలంతా విన్నారు.

చంకలో రిజిస్టరు ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. కొంగు కప్పి, తెరిచి, మొదటి పేరు పిలిచాను.

"పొద్దున పిలిచారుగా టీచర్" అంది చైర్మన్ కూతురు.

"మళ్ళీ పలకండమ్మా."

ఒక్కొక్క పేరూ పిలిచాను. ఒక్కొక్కరే పలికారు. పలికిన ప్రతివాళ్ళ మొహం చూసేదాకా తర్వాతి పేరుకి వెళ్ళలేదు. ఎర్ర సిరాతో కొట్టేసిన పేరు వచ్చింది. అదీ పిలిచాను. ఎవరూ పలకలేదు. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఇంకోసారి పిలిచాను.

"వాడు వ్యాన్ స్కూలుకి వెళ్ళిపోయాడుగా టీచర్. అక్కడున్నాడు" అంది ఆ పిల్లే.

"ఉన్నాడుగా" అన్నాను. "అది చాలు." అని, కొట్టేసిన పేర్లతో సహా మిగతావన్నీ పిలిచాను.